చేతులు వాసన చూసే సారు

మా పాత ఉద్యోగుల వాట్సాప్ గ్రూపులో ఆయన ఫోటో పెట్టి కింద వరసగా దండాలు పెట్టారు. నేను ముందు ఫోటోనే చూశాను. ఎప్పుడో కంపెనీ వార్షికోత్సవం నాడు తీసింది. అందరం కెమెరా వైపు చూసి నవ్వుతున్నాం. ఆయన మాత్రం పక్కనున్న అమ్మాయి చేతుల వంక అనుమానంగా చూస్తున్నాడు. మనిషి పోయాడన్న సంగతి నాకు ఆ తర్వాత తలకెక్కింది. తలకెక్కాక కూడా ఏడుపు రాలేదు. విసుగొచ్చింది. ఫోటోలోనైనా ఒక్క క్షణం తల ఎత్తకూడదా ఈ మనిషి, అనుకున్నాను.

ఆయన సంగతి అర్థం కావాలంటే ముందు మా కంపెనీ సంగతి చెప్పాలి. విదేశాల నుంచి విమానంలో వచ్చే తల్లిరొయ్యల్ని చల్లటి గదుల్లో ఉంచి, వాటికి ఏ రోగమూ లేదని పరీక్షలు చేసి, గుడ్లు పెట్టించి, పిల్లల్ని హేచరీలకు అమ్ముతారు. బోర్డు మీద బయోటెక్నాలజీ అని పెద్ద అక్షరాలతో ఉంటుంది. సముద్రం ఒడ్డున మా ఊరు మైపాడులో మావాళ్ళు మాత్రం దాన్ని రొయ్యల కాన్పుల ఆసుపత్రి అంటారు. నెల్లూరులో ఎమ్మెస్సీ చదివి, అందులో వైరస్ పరీక్షలు చేసే ల్యాబులో చేరాను. రోగం గేటు దాటి లోపలికి రాకుండా చూడటం ఆయన పని. ఆ పనికి ఇంగ్లీషులో చాంతాడంత పేరుంది. మేం క్వారంటైన్ సారు అనేవాళ్ళం. ఆయన వినకుండా ముక్కు సారు అనేవాళ్ళం.

పొద్దున కంపెనీ వ్యాను దిగి గేటు దాటగానే ఒక బల్ల, బల్ల వెనక ఆయన. సన్నటి మనిషి, చొక్కా జేబులో ఎప్పుడూ అరిగిన సబ్బుబిళ్ళ ఒకటి కాగితంలో చుట్టి ఉండేది. పలకరింపు లేదు, నవ్వు లేదు. "చేతులు" అనేవాడు. రెండు చేతులూ చాపాలి. అరచేతులు ఒకసారి, తిప్పి ఒకసారి. ఆయన వంగి, కళ్ళు మూసుకుని, గోళ్ళ సందుల దగ్గర వాసన చూసేవాడు. పచ్చి రొయ్య వాసన ఏ మాత్రం తగిలినా ఆ రోజు ఇంటికి పొమ్మనడమే. పచ్చి రొయ్యలో తెల్లమచ్చ వైరస్ ఉండొచ్చు. మనిషికి దానివల్ల ఏమీ కాదు, ఉడికిస్తే అది చస్తుంది. కానీ ఆ చెయ్యి వెళ్ళి ట్యాంకులో పడిందంటే గది గదంతా తుడిచిపెట్టుకుపోతుంది. ఇదంతా నాకు తెలుసు. పరీక్ష రాసి పాసైన విషయమే. అయినా పెళ్ళి కావలసిన పిల్ల వరసలో నిలబడి, వెనక పదిమంది చూస్తుండగా, చేతులు చాపి వాసన చూపించుకోవడం ఎంత చిరాకో చెప్పలేను. చేపలూరి వాళ్ళమని కాలేజీలో ముక్కు మూసుకున్న పిల్లలు ఉన్నారు. వాళ్ళు ముక్కు మూసుకున్నారు, ఈయన ముక్కు తెచ్చి చేతిలో పెడుతున్నాడు.

చేరిన రోజున నన్ను క్యాంటీనులో కూర్చోబెట్టి ఉద్యోగంలో మంచీ చెడూ చెప్పాడు. కొత్తగా వచ్చిన అందరికీ చెప్పేవాడట. మంచికి కుడిచేతి వేలు మడిచేవాడు, చెడ్డకు ఎడమచేతి వేలు.

"ఒకటో తారీఖు జీతం పడతాది. తుపానొచ్చినా పడతాది. మీ నాయన పడవకు అట్టా పడదు గదా. ఇది మంచి," అని కుడి బొటనవేలు మడిచాడు. "ఆ జీతంతో కొనుక్కున్న రొయ్యల్ని నువ్వు కడిగి వండుకోగూడదు. ఇది చెడ్డ." ఎడమ బొటనవేలు.

"పీఎఫ్ ఉండాది. ఆసుపత్రి కార్డు ఉండాది, అమ్మానాయనకు కూడా పనికొస్తాది. మంచి. మీ నాయన వేట నుంచి వస్తే ఎదురుపోయి గంప అందుకోగూడదు. చెడ్డ."

"ఏసీ గదిలో పని, సైన్సు పని. నలుగురిలో మర్యాద. మంచి. చేసే పనేందో ఇంట్లోవాళ్ళకు ఎంత చెప్పినా అర్థం కాదు. వాళ్ళకు అర్థమయ్యేదల్లా నువ్వు వాళ్ళను ముట్టుకోవడం లేదని. అది బో చెడ్డ." దానికి రెండు వేళ్ళు మడిచాడు.

"మరి ఏది ఎక్కువ సార్?" అన్నాను.

మిగిలిన వేళ్ళు కూడా మడిచేసి, రెండు పిడికిళ్ళూ నా ముందు పెట్టాడు. "నాకేం తెలుసమ్మే. నేను చేరినప్పటి నుంచి లెక్కేస్తానే ఉండా, తేలలా."

అప్పటికే నా చేత కాగితాలన్నింటి మీదా సంతకాలు పెట్టించారు. సంతకాలయ్యాక చెడ్డ చెప్పేవాణ్ణి నేను మొదటిసారి చూశాను.

పూలు పెట్టుకుని రావద్దనేవాడు. మల్లెల వాసనలో రొయ్య వాసన దాక్కుంటుందట. ఒకసారి ప్యాకింగులో పనిచేసే అక్క పెళ్ళిరోజని ఇంత దండ జడలో తురుముకుని వచ్చింది. ఆ దండ తీయించి గేటు బయట వేపకొమ్మకు తగిలించాడు. సాయంత్రం అందరూ మర్చిపోయినా ఆయన మర్చిపోకుండా తీసి చేతికిచ్చాడు. పొద్దంతా ఎండకు మాడిన పూలు. ఆ అక్క వాటిని ఆయన కళ్ళముందే విసిరికొట్టింది. "వాడినా వాసన బాగానే ఉండాదే," అన్నాడాయన, నిజంగానే ఆశ్చర్యపోయి. ఇలాంటి మనిషితో ఎవరు మాత్రం ఏం మాట్లాడతారు?

కోవూరు మాగాణి రైతుల ఇంట పుట్టినవాడు. రొయ్యలంటే ప్రాణం. ఆ ప్రాణాన్ని కూడా నియమం కిందికి తెచ్చుకున్నాడు. ఇంట్లో వండనిచ్చేవాడు కాదు. నెల్లూరులో మెస్సుకు వెళ్ళి రొయ్యల వేపుడు చెప్పుకుని, వేలు తగలకుండా చెంచాతో తినేవాడు. ఒకసారి మా ల్యాబు వాళ్ళం వెళితే పక్క బల్ల దగ్గర దొరికాడు. నెల్లూరు నడిబొడ్డున, రొయ్యల వేపుడు చెంచాతో తినే మనిషిని మెస్సులో అందరూ వింతగా చూస్తున్నారు. ఆయనకు పట్టలేదు. తింటూ తింటూ మా చేతుల వంక చూశాడు.

అన్నిటికంటే నన్ను ఉడికించింది ఆదివారం ఫోను. సెలవు కదా అని కాస్త పొద్దెక్కి లేద్దామంటే ఫోను మోగేది. "ఏమ్మే, ఈరోజు మీ ఇంట్లో ఏం కూర?" మా ఇల్లు ఇరుకు, ఫోనులో మాట గోడ అవతలికి వినిపిస్తుంది. "ఎవురే ఆయన? నా బిడ్డ ఏం తింటే ఆయనకేంది?" అని మా అమ్మ. "ఆఫీసరంట, కూర అడుగుతాడంట," అని వీధిలో నవ్వులు. పప్పు అని చెబితే "మంచి" అని పెట్టేసేవాడు. రొయ్యలు అంటే అరగంట పాఠం. ఎవరు ఒలిచారు, ఎక్కడ కూర్చుని ఒలిచారు, ఆ నీళ్ళు ఎటు పారబోశారు, నేను ఆ సమయంలో ఎక్కడున్నాను. చివరికి నేను అన్ని ఆదివారాలూ పప్పే అనడం మొదలుపెట్టాను. ఆయన నమ్మలేదు. సోమవారం గేటు దగ్గర ఇంకాస్త ఎక్కువసేపు వంగేవాడు.

మా అమ్మ సంగతి కూడా చెప్పాలి. నాన్న పడవ మీద వేటకు పోతాడు. అమ్మ ఒడ్డుకు వచ్చిన రొయ్యల్లో కొన్ని ఇంటికి తెచ్చి, పంచలో కూర్చుని ఒలిచి, నెల్లూరు వ్యాపారికి ఇస్తుంది. కత్తి అక్కర్లేదు, బొటనవేలి గోరు చాలు. టక్కున తల ఊడుతుంది, పొట్టు జారుతుంది. ఆ చేతుల మీదే నా చదువు నడిచింది. ఉద్యోగంలో చేరాక నాకు వేరే బకెట్టు, వేరే సబ్బు, వేరే తువ్వాలు. పంచ వైపు పోకుండా దొడ్డిదారిన ఇంట్లోకి రావడం. అమ్మ చెయ్యి నా తల మీద పడబోతే పక్కకు తప్పుకోవడం. "నా కడుపున పుట్టి నాకే మడి నేర్పుతాండావా?" అనేది. మొదట్లో నవ్వుతూ అనేది. తర్వాత నవ్వడం మానేసింది. అలాగని ఒలవడం మానమనడానికి నాకు నోరెలా వస్తుంది?

ఒక ఏడాది కొత్త తల్లిరొయ్యలు దిగినప్పుడు మమ్మల్ని ఇళ్ళకు పోనివ్వకుండా కంపెనీ గదుల్లోనే ఉంచారు. చాలా రోజులు ఇంటిముఖం చూడలేదు. ఆయన మాత్రం ఆదివారాలు బయటికి పోయొచ్చేవాడు. ఒక మధ్యాహ్నం గేటు దగ్గర గొడవగా ఉందంటే వెళ్ళి చూశాను. మా అమ్మ. ఆటో కట్టించుకుని, స్టీలు డబ్బాలో రొయ్యల కూర పెట్టుకుని, మంచి చీర కట్టుకుని వచ్చింది. ఒక చేత్తో డబ్బా, ఇంకో చేత్తో గేటు ఊచ పట్టుకుని నిలబడి ఉంది. ఎదురుగా ఆయన.

"చేతులు," అన్నాడాయన. మా అమ్మను!

అమ్మ డబ్బా కింద పెట్టి, రెండు చేతులూ చాచింది. ఆమెకు ఆ మర్యాద ఏమిటో తెలియదు. నా బిడ్డ పనిచేసేచోట పెద్ద సారు ఏదో అడుగుతున్నాడు, ఇద్దాం అనుకున్నట్టు ముఖం పెట్టింది. ఆయన వంగాడు. వెంటనే రెండడుగులు వెనక్కి వేశాడు.

"ఈ చేతుల్తో గేటు ముట్టుకోవద్దు తల్లీ. డబ్బా కూడా లోపలికి రాగూడదు."

ఊరుకున్నాడా? వాచ్‌మన్‌ను పిలిచి, ఆమె పట్టుకున్న ఊచను అక్కడికక్కడే బ్లీచింగు నీళ్ళతో కడిగించాడు. ఆమె చూస్తుండగా. అమ్మ నా వైపు ఒకసారి చూసింది. డబ్బా తీసుకుపోయి ఆటో అబ్బాయికి ఇచ్చేసి, ఆ ఆటోలోనే వెనక్కి వెళ్ళిపోయింది.

నేను ఆయన మీదికి పోయాను. "అది వండింది సార్. ఉడికినదాంట్లో వైరస్ ఉండదని మీకూ తెలుసు, నాకూ తెలుసు!"

"కూరలో ఉండదు. డబ్బా మూత మీద ఉంటాది. నీకు తెలిసీ నన్నెందుకు అడుగుతుండావు?"

తల గోడకేసి కొట్టుకోవాలనిపించింది. ఎందుకంటే ఆయన చెప్పింది నిజం. ఈ మనిషితో ఉన్న బాధే అది. తప్పు చేసి ఉంటే తిట్టి ఊరుకునేదాన్ని. "మీకు మాత్రం అమ్మ లేదా సార్?" అన్నాను, ఇంకేమీ దొరక్క.

ఆయన జేబులో సబ్బుబిళ్ళ తడుముకున్నాడు.

తర్వాతి సోమవారం ల్యాబు గుమ్మం దగ్గర నా చేతులు చూస్తూ, "నిన్న మీ ఇంటికి పోయొచ్చినా," అన్నాడు. "మీ అమ్మకు చెప్పినా, తప్పయిపోయిందని. గేటు కడిగింది తప్పు కాదు. ఆమె పోయిందాకా ఆగి కడగాల్సింది. ఆగకపోవడం తప్పు."

"అమ్మ ఏమంది?"

"ఏమనలా. రొయ్యలు ఒలస్తాండాది."

మరునాడు ఒక పూట సెలవు దొరికి ఇంటికి వెళ్ళినప్పుడు అమ్మను అడిగాను. "వచ్చినాడు. పోయినాడు," అంది అంతే. ముఖం గంటు పెట్టుకుంది. నేను ఇంక కదపలేదు.

ఆ వారంలోనే ట్యాంకులో ఒక తల్లిరొయ్య మేత ముట్టడం మానేసింది. నా బల్ల మీదికి వచ్చింది. పరీక్ష చేశాను. తెల్లమచ్చ ఉందని తేలింది. నమ్మలేక మళ్ళీ చేశాను. మిగిలిన ట్యాంకుల నుంచి తెప్పించి చేశాను. అన్నిటిలోనూ ఉంది. ఆ సాయంత్రమే గదిలోని రొయ్యలన్నిటినీ క్లోరిన్ పోసి చంపేశారు. జానెడు రొయ్యలు, ఒక్కొక్కదాన్ని పిల్లల్లా చూసుకున్నాం. ట్యాంకుల అంచున నిలబడి ప్యాకింగు అక్క ఏడ్చింది. నాకైతే వాటి మీద ఏడుపు రావడానికి కూడా తీరిక లేదు. ఎందుకంటే అప్పటికే అందరూ నా వైపు చూడటం మొదలుపెట్టారు.

మరునాడు మేనేజరు అందరినీ గదిలోకి పిలిచాడు. చెన్నైలో ఉండి అప్పుడప్పుడూ వచ్చిపోయే మనిషి. నన్ను నిలబెట్టి అడిగాడు.

"మీ ఇల్లు మైపాడు. మీ అమ్మ పచ్చి రొయ్యలు ఒలుస్తుంది. మొన్న గేటు దాకా వచ్చింది. ఇంకేం కావాలి?"

తల్లిరొయ్యలకు మేతగా బతికున్న సముద్రపు పురుగులు వేస్తాం. ఆ వారం వచ్చిన పురుగుల్ని పరీక్షకు పంపకుండానే వేశారు, ముందు వాటిని చూడండి అన్నాను. పరీక్ష లేకుండా వెయ్యమని అనుమతి ఇచ్చింది ఆ మేనేజరే. నా మాట పూర్తి కానివ్వలేదు. ఈ కారణంతో నన్ను తీసేస్తే ఇక ఈ తీరం పొడుగునా ఒక్క హేచరీ, ఒక్క ల్యాబు నన్ను గడప తొక్కనివ్వదు. రోగం మోసుకొచ్చిన పిల్ల అంటారు. చదివిన చదువంతా ఆ ఒక్క మాటకింద పోతుంది.

ఆయన వెనక వరసలో నుంచి లేచాడు. "ఆ పిల్ల చేతులు రోజూ నేనే చూసినా సార్. శుభ్రంగా ఉండినాయి."

"మీ ముక్కేమన్నా మిషనాండీ?" అన్నాడు మేనేజరు. కొందరు నవ్వారు. గేటు దగ్గర అన్నాళ్ళు చేతులు చాపి విసిగిపోయినవాళ్ళు కదా, నవ్వడానికి అవకాశం దొరికింది. నాకు మాత్రం నవ్వు రాలేదు. నేను రోజూ తిట్టుకున్న ఆ ముక్కే ఇప్పుడు నాకున్న ఒకే ఒక్క సాక్షి. దాన్ని కూడా ఎవరూ లెక్కచేయలేదు.

మేనేజరు నన్ను తీసేస్తున్నట్టు రాయడానికి కాగితం దగ్గరికి లాక్కున్నాడు. అప్పుడు ఆయన మళ్ళీ మాట్లాడాడు, తన రెండు చేతులూ ముందుకు చాపి చూసుకుంటూ.

"ఈ చేతులు ఎవురూ చూడలా సార్. పోయిన ఆదివారం నేనొక ఇంటికి పోయినా. పచ్చి రొయ్యలు ఒలిచినా. సోమవారం పొద్దున తల్లిరొయ్యల గదిలోకి పోయినా. అందరి చేతులూ నేను చూస్తా. నా చేతులు చూసేవాడు లేడు."

మేనేజరుకు కావలసింది ఒక పేరు. అది దొరికింది. సాయంత్రానికి ఆయన రాజీనామా రాసిచ్చి, గేటు దగ్గర బల్ల సొరుగులోంచి తన సబ్బులు తీసుకుని వెళ్ళిపోయాడు. నాకు చెప్పనైనా చెప్పలేదు.

ఏ ఇల్లో ఆయన అనలేదు. అనక్కర్లేదు, నాకు తెలిసిపోయింది. క్షమాపణ చెప్పడానికి పోయిన మనిషి, అమ్మ పలకకపోతే ఏం చెయ్యాలో తోచక, పక్కన కూర్చుని నాలుగు ఒలిచి ఉంటాడు. మా ఊళ్ళో అది మామూలు. ఒలిచేవాళ్ళ దగ్గరికి ఎవరొచ్చినా మాట్లాడుతూ చెయ్యి వేస్తారు, ఊరికే కూర్చోవడం బాగుండదని. నాకు ఆయన మీద పట్టరాని కోపం వచ్చింది. మా చేత పూలు తీయించి, అమ్మ ముందు గేటు కడిగించి, చివరికి తనే ముట్టుకుంటాడా? అమ్మ మీదా కోపం వచ్చింది, ఆ గంప ఆయన ముందుకు ఎందుకు జరిపిందని. కానీ అమ్మకు చెప్పలేకపోయాను. తన పంచలో రొయ్యల వల్లే కంపెనీలో గదంతా చచ్చిందనీ, ఒక మనిషి ఉద్యోగం పోయిందనీ తెలిస్తే, ఆమె మళ్ళీ ఆ గంప ముందు కూర్చోగలదా? సారు వేరే ఊరు మారిపోయాడని చెప్పాను. "మంచిదే," అంది.

కొన్నేళ్ళకు గూడూరు స్టేషనులో కనిపించాడు. నిమ్మకాయల మార్కెట్ దగ్గర తోటల మట్టి పరీక్షచేసే చిన్న ల్యాబులో చేరాడట. నమస్కారం పెట్టాను. పెట్టిన చేతుల వంకే చూశాడు. నాకు వెంటనే పాత చిరాకంతా పుట్టుకొచ్చింది.

"సార్, అన్నేళ్ళు అంత నిష్ఠగా ఉండి, మా ఇంట్లో ఎందుకు ముట్టుకున్నారు?"

"మీ అమ్మ చెయ్యి బో వేగం," అన్నాడు.

"అడిగినదానికి చెప్పండి."

"పురుగుల్ని ఇప్పుడు పరీక్ష చేస్తుండారా?"

"చేస్తున్నాం. మీరు వెళ్ళాక ఇంకోసారి తెల్లమచ్చ వచ్చింది సార్. అప్పుడు పురుగుల్లోనే దొరికింది. మొదటిసారి కూడా మీ చేతులవల్ల కాదేమో."

"పరీక్ష చేస్తుండారు గదా. మంచి," అని కుడిచేతి వేలు మడిచాడు. "నీ ఉద్యోగం?"

"ల్యాబు ఇన్‌చార్జి ఇప్పుడు నేనే."

"మంచి." ఇంకో వేలు. "ఇక్కడ నాకు సుఖంగా ఉండాది. ఎవురి చేతులు చూసినా నిమ్మకాయ వాసనే." ఆయన రైలు వచ్చింది. ఎక్కుతూ, కడ్డీ పట్టుకునే ముందు దాన్ని రుమాలుతో తుడిచాడు. నేను ప్లాట్‌ఫారం మీద నిలబడి పళ్ళు నూరుకున్నాను. అడిగినదానికి జవాబు చెప్పకుండా పోయాడు. ఆయన్ని చూడటం అదే ఆఖరు.

పోయాడని తెలిసిన మూడో రోజున కోవూరు బయల్దేరాను. అమ్మ తనూ వస్తానంది. "మన గడప తొక్కిన మనిషి గదా. కోపం ఉంటే ఉండినాది, పోకుండా ఎట్టా?" అంది.

అమ్మ పంచలో ఆడవాళ్ళ దగ్గర కూర్చుంది. కంపెనీలో పనిచేసిన పిల్లనని తెలిసి ఆయన భార్య నన్ను లోపలికి తీసుకుపోయింది. వంటింటి గడప మీద కూర్చుని, కళ్ళు తుడుచుకోకుండానే చెప్పింది.

"పెళ్ళైన కొత్తల్లో నా చేతులు కూడా వాసన చూసేవాడమ్మా. ఈ ఇంట్లోకి పచ్చి రొయ్య రాలా, ఇన్నేళ్ళు. మా పుట్టింటికి పోయి తిని, ఇంటికొచ్చేలోపు తలారా పోసుకునేదాన్ని. పోనీలే, ఉద్యోగం అట్టాంటిది అనుకున్నా. అంత చేసి, ఎవురింట్లోనో కూసోని రొయ్యలు ఒలిచినాడంట. తనే చెప్పినాడు. ఎవురని అడిగితే చెప్పలా. నాకొక్క రోజు ఒలిచి పెట్టినోడు కాదు. పరాయింట్లో ఒలిచినాడు."

ఆ పరాయి ఇల్లు మాదేనని నేను చెప్పలేదు. ఆమె చేతులు పట్టుకుని, కాసేపు కూర్చుని, వచ్చేశాను.

బస్సు పెన్న వంతెన మీదికి వచ్చింది. "లోపలికి పిలుచుకొని పోయి ఆయమ్మ ఏం చెప్పింది?" అంది అమ్మ. మనిషే పోయాడు, ఇంకా దాచి ఏం లాభం అనిపించింది. అన్నీ చెప్పాను. ట్యాంకులు, మీటింగు, ఆయన రాజీనామా. "మనింట్లో రొయ్యలు ఒలిచినందుకే ఆయన ఉద్యోగం పోయిందమ్మా. నీకు బాధని చెప్పలా."

అమ్మ నా వైపు తిరిగింది. "ఎవురు ఒలిచింది?"

"ఆయనే. క్షమాపణ చెప్పేదానికి వచ్చినప్పుడు."

"ఆయన యాడ ఒలిచినాడు? నేను పీట వేసినా. కూసున్నాడు. నాలుగు ఒలవబ్బయ్యా, ఊరికే కూసోనేల అని గంప జరిపినా. రెండు చేతులూ తొడల కింద పెట్టుకొని కూసున్నాడు, చిన్నపిల్లోడి మాదిరి. నీళ్ళిస్తే గ్లాసు అందుకోలా. తప్పయిపోయిందమ్మా, తప్పయిపోయిందమ్మా అంటానే ఉన్నాడు, చేతులు మటుకు బయటికి తీయలా. నా ఇంట్లో నీళ్ళు ముట్టనోడి క్షమాపణ నాకేల? అందుకే గదా నాకు అంత కోపం!"

ముట్టుకోలేదు. ఒక్క రొయ్య కూడా ముట్టుకోలేదు. అబద్ధం చెప్పాడు. పప్పు అని చెబితే నమ్మని మనిషి, అందరి ముందూ నిలబడి, చేతులు చాపి మరీ అబద్ధం చెప్పాడు, నా కోసం. గూడూరులో అంత అడిగినా నోరు విప్పలేదు. ఇప్పుడు వెళ్ళి ఎవరితో పోట్లాడను? కోపంతోనే ఏడ్చాను. ముందు సీట్లో వాళ్ళు వెనక్కి తిరిగి చూశారు.

అమ్మ మాత్రం ఏడవలేదు. ఏదో ఆలోచించింది. "ఆయన పెండ్లానికి ఈ సంగతి తెల్సునా?"

"తెలీదు. ఎవరింట్లోనో నిజంగా ఒలిచినాడనే అనుకుంటాండాది. తనకు ఒక్కనాడూ ఒలిచి పెట్టలేదని ఏడస్తాండాది."

అమ్మ లేచి నిలబడింది. "కండక్టరూ, ఆపయ్యా."

"ఏందమ్మా ఇది? టికెట్టు నెల్లూరుకు తీసుకొని వంతెన మీద దిగుతానంటావు?" అని అతను కసురుకున్నాడు.

వంతెన దాటాక ఆపాడు. దిగి, రోడ్డు దాటి, కోవూరు పోయే బస్సు కోసం ఎండలో నిలబడ్డాం. ఆయన భార్యతో ఎలా మొదలుపెట్టాలా అని నేను మాటలు వెతుక్కుంటున్నాను. అమ్మ కొంగు దోపుకుని, నా చెయ్యి పట్టుకుంది.

"నువ్వేం మాట్లాడొద్దు. నేను చెప్తా. ఆయన చేతులు చూసింది నేను," అంది.